కోడిని పిలిచే మాట

నవంబరు 11, సోమవారం

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. శాంతయ్య గారు రిటైరయ్యారు కాబట్టి నా పరిశోధనకు కొత్త గైడ్‌ను ఇచ్చారు. డాక్టర్ మహిత, అసిస్టెంట్ ప్రొఫెసర్.

మన మహితే. పుత్తూరు హైస్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా నా దగ్గర తెలుగు చదివింది. గోడ పక్కన కూర్చునేది. నేను పద్యం చదువుతుంటే గణాలు వేళ్ల మీద లెక్కపెట్టేది. తప్పు చదివితే తల ఎత్తి చూసేది, నోటితో మాత్రం ఏమీ అనేది కాదు.

ఇక నా అధ్యాయాలు ఆ అమ్మాయి దిద్దుతుంది.

మంచిదే. మన దగ్గర చదివిన పిల్ల ఇంత పైకి వచ్చిందంటే ఎవరికి సంతోషం ఉండదు? నాకేం ఇబ్బంది లేదు.

నవంబరు 12

స్టెల్లా అన్నం వడ్డిస్తూ రెండుసార్లు తనలో తాను నవ్వుకుంది. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆ నవ్వు దేనికో అడగక్కర్లేదు. నేను అడగలేదు.

నాకేం ఇబ్బంది లేదు.

నవంబరు 16, శనివారం

ఒక పూట సెలవు పెట్టి తిరుపతి వెళ్లాను. డిపార్ట్‌మెంటులో శాంతయ్య గారి గదే ఇప్పుడు ఆమెది. బోర్డు మారింది, ఫ్యాను మాత్రం పాత చప్పుడే చేస్తోంది.

నేను తలుపు దగ్గర కనబడగానే ఆమె లేచి నిలబడింది. గైడ్ నిలబడి ఉంటే స్కాలర్ కూర్చోకూడదు కాబట్టి నేనూ నిలబడ్డాను. మాస్టారు నిలబడి ఉంటే విద్యార్థి కూర్చోకూడదు కాబట్టి ఆమె కూర్చోలేదు. అలా కొంతసేపు ఇద్దరం బల్లకు చెరోవైపు నిలబడే మాట్లాడుకున్నాం. చివరికి ఆమే అంది.

"సార్, ఇద్దరం ఒకేసారి కూసుందాం సార్. లేకుంటే సాయంత్రం దాకా ఇట్లే ఉంటాం."

కూర్చున్నాం.

ఒక చిక్కు ఉంది. ఆమెను ఏమని పిలవాలి? 'నువ్వు' అనకూడదు. 'మీరు' అందామంటే పెదవుల దాకా వచ్చి ఆగుతోంది. 'మేడమ్' సంగతి సరేసరి. అందుకని ఈరోజంతా కర్త లేని వాక్యాలే మాట్లాడాను. 'మొదటి అధ్యాయం చూడటం జరిగిందా?' 'ఇంకోసారి ఎప్పుడు రావడం బాగుంటుంది?' పాతికేళ్లుగా పిల్లలకు వద్దని చెబుతున్న వాక్యాలివి.

చూడటం జరిగింది. బాగానే జరిగింది. ప్రతి పేజీలోనూ ఎర్ర ఇంకు.

"సార్, పోగు చేసింది శానా బాగుండాది. కోడిని పిలిచేది, తోలేది, ఎనుమును అదిలించేది, మేకను మళ్లించేది. ఇంత పోగు చేసినోళ్లు ఈ పక్క ఎవరూ లేరు. కానీ పోగు చేసి ఏం చెప్తాండారు?"

"అంటే?"

"మాటలు ఈడ ఉండాయి. సరే. అయితే ఏంది?"

పరిశోధన అంశం శాంతయ్య గారు మెచ్చి ఇచ్చినదేనని చెప్పాను. 'చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పశుపక్ష్యాదులను పిలిచే, అదిలించే మాటలు.' ఆయన ఎప్పుడూ 'అయితే ఏంది' అని అడగలేదని కూడా చెప్పాను. ఆమె తల ఎత్తి చూసింది.

డిసెంబరులో ప్రోగ్రెస్ సెమినార్. కిందటి రెండుసార్లూ నా ప్రగతి 'సంతృప్తికరం కాదు' అని రాశారు. మూడోసారి కూడా అదే రాస్తే రిజిస్ట్రేషన్ రద్దు.

నవంబరు 23

ఏర్పేడు అవతల ఒక పల్లెకు వెళ్లాను. పొద్దున మబ్బు, మధ్యాహ్నం చిన్న చినుకు. ఒకాయన మేకల మందను పెదవులు అదిరించి మళ్లించే చప్పుడు రికార్డు చేశాను. దాన్ని రాయడానికి తెలుగులో అక్షరం లేదు. 'ట్రుర్ర్' అని రాసుకున్నాను. చదువుకుంటే ఆటో స్టార్టయినట్టుంది. ఒక ఇంట్లో రాగి సంగటి, వేరుశనక్కాయల చట్నీ పెట్టారు. చేయి కడుక్కున్నాక కూడా వాసన పోలేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది.

ఇలాంటి రోజుల కోసమే ఈ పనిలో దిగాను కాబోలు. డాక్టర్ అన్న మాట పేరు ముందుకు వస్తే వచ్చింది, లేకుంటే లేదు.

(లేకుంటే లేదు అని రాయడం తేలికే.)

నవంబరు 30

తుఫాను. బడి లేదు. స్టెల్లా పీహెచ్‌సీకి డ్యూటీకి వెళ్లి తడిసి వచ్చింది. మిరియాల రసం నేనే పెట్టాను. బాగుందంది.

డిసెంబరు 7, శనివారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

పొద్దున గైడ్ గదిలో నా రికార్డింగులు వినిపించాను. సగం గాలి హోరు, సగం మోటారు సైకిళ్లు. కోడిని పిలిచే గొంతు ఎక్కడో లోపల నుంచి వస్తోంది.

"ఇవి సెమినార్లో వినబడవు సార్. మీరే పిలిచి వినిపించాల."

"ఎవరిని?"

"కోడిని."

యాభై దాటిన తెలుగు పండితుడు ప్రొఫెసర్ల ముందు నిలబడి కోడిని పిలవడం జరిగే పని కాదని చెప్పాను. స్లైడు మీద అక్షరాల్లో రాసి చూపిస్తానన్నాను. ఆమె బలవంతం చేయలేదు. "మీ ఇష్టం సార్" అంది. ఆ 'మీ ఇష్టం' నాకు తెలుసు. హోంవర్కు బాకీ పెట్టిన పిల్లలకు నేను అనే మాటే.

తర్వాత క్యాంటీన్‌లో టీ తెచ్చుకుని స్తంభం వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. స్తంభానికి అటువైపు ప్రతాప్ సార్, ఇంకెవరో ఇద్దరు. ప్రతాప్ సార్ కమిటీలో ఉన్నారు. కిందటిసారి నా రిపోర్టు రాసింది ఆయనే. నేనక్కడ ఉన్నట్టు వాళ్లకు తెలియదు.

"రాజారత్నానికి ఈసారి దిగుల్లేదబ్బా. శిష్యురాలే గైడు."

"అంటే పీహెచ్‌డీ గురుదక్షిణా?"

"అంతే గదా మరి. బొటనవేలు ఇయ్యకుండా డిగ్రీ ఇస్తాండాది."

నవ్వుకున్నారు. మాట బాగానే కట్టారు. వేరెవరి గురించో అయితే నేనూ నవ్వేవాణ్ని. టీ సగం వదిలేసి వచ్చేశాను.

డిసెంబరు 8

చర్చిలో ప్రసంగం ఏమిటో గుర్తు లేదు.

ఆలోచించాను. నన్ను అన్నందుకు కాదు. ఆమె ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. నేనే మొదటి స్కాలర్‌ని. నేను పాసైతే 'దక్షిణ' అంటారు. ఫెయిలైతే మొదటి స్కాలర్‌నే నిలబెట్టలేకపోయిందంటారు. ఎలా చూసినా మాట పడేది ఆమె. కాబట్టి మానుకోవడమే మర్యాద. ఆమె కోసమే. నాకు ఇందులో వేరే ఉద్దేశం లేదు.

స్టెల్లాకు చెబితే చపాతీ కర్ర ఆపి అంది: "ఆయమ్మ కోసరమా, కోడిని పిలవాల్సొస్తాదనా?"

ఈమెతో మాట్లాడటం కష్టం.

డిసెంబరు 10

మధ్యాహ్నం బస్సుకు వెళ్లి చెప్పేశాను. బస్సులో వాక్యాలు సిద్ధం చేసుకున్నాను కాబట్టి తడబడలేదు. క్యాంటీన్ మాట కూడా చెప్పాను. ఎవరన్నారో చెప్పలేదు. ఆమె పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది. కోపం వచ్చిందని అర్థమైంది, ఎందుకంటే గొంతు ఇంకా తగ్గింది.

"సార్, మీరు మానుకుంటే వాళ్లు నవ్వేది ఆగుతాదా?"

"ఆగకపోవచ్చు. కానీ నా వల్ల మాట పడటం..."

"నా పేరు కోసరం మానుకుంటా అంటే, చెడిపోయేంత పేరు నాకింకా రాలే సార్. పేరొచ్చినాక చెప్తా, అప్పుడు మానుకుందురు."

ఆమె మళ్లీ పెన్ను అందుకుంది.

"ఇంకో మాట. నేను మీకు ఏ సాయమూ చెయ్యను. సెమినార్లో అందరికన్నా గట్టిగా నేనే అడుగుతా. చెప్పగలిగితే చెప్పండి, లేకుంటే లేదు. ఇది మాత్రం మాటిస్తా."

గైడ్ తన స్కాలర్‌కు ఇలాంటి మాట ఇవ్వడం నేను ఎక్కడా వినలేదు. ఆశ్చర్యంగా, గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. బయటికొచ్చి రోడ్డు దాటి వేడి వేడి మైసూర్ బజ్జీలు తిన్నాను. బాగున్నాయి. ఇంటికి కూడా కట్టించుకున్నాను.

డిసెంబరు 14, రెండో శనివారం

బడికి వెళ్లి పదో తరగతి గది తలుపు వేసుకుని ప్రాక్టీసు చేశాను. గొంతు రాలేదు. దగ్గు వచ్చింది.

డిసెంబరు 17

రేపే. కొత్త చొక్కా ఇస్త్రీ చేశాను. స్లైడ్లన్నీ అక్షరాలతో పూర్తయ్యాయి. పిలవను. అది తేలిపోయింది.

డిసెంబరు 18, బుధవారం

అంతా వరసగా రాయాలి. రేపటికి కొంత మరిచిపోతాను.

సెమినార్ హాలు పై అంతస్తులో. హెచ్.ఓ.డి. గిరిప్రసాద్ గారు మధ్యలో, ఆయన పక్కన ప్రతాప్ సార్, మరో ఇద్దరు ప్రొఫెసర్లు. చివరి కుర్చీలో నా గైడ్. వెనక వరసల్లో స్కాలర్లు, ఎం.ఏ. పిల్లలు. నా ముందు స్రవంతి అని నగరి అమ్మాయి స్త్రీల పాటల మీద తన ప్రగతి చెప్పింది. ఒక పాట పాడి మరీ వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నా వంతు. మొదటి స్లైడు, రెండో స్లైడు. చదువుతున్నాను. నా గొంతు నాకే నిద్ర తెప్పిస్తోంది. గిరిప్రసాద్ గారు ఫోను చూసుకుంటున్నారు. నాలుగో స్లైడు మీద 'బా, బొ, క్కొ, ఇష్, హై, ట్రుర్ర్' అని పట్టిక.

ప్రతాప్ సార్ కళ్లద్దాలు సర్దుకున్నారు. "రాజారత్నం గారూ, ఆ 'బా' అనేది కోడికా, గొర్రెకా? చూస్తే రెండిటికీ సరిపోయేట్టుండాదే."

హాలంతా నవ్వింది. ఎం.ఏ. పిల్లలు మరీను. నేను కాగితం వైపు చూశాను.

అప్పుడు చివరి కుర్చీలో నుంచి, "సార్, చదవొద్దు. పిలవండి."

తలెత్తి చూశాను. ఆమె నవ్వడం లేదు. జాలి పడటం లేదు. గోడ పక్క నుంచి చూసినట్టే చూస్తోంది.

కాగితం బల్ల మీద పెట్టాను. ఎలా వచ్చిందో తెలియదు. మా అమ్మ తాయమ్మ పొద్దున్నే నూకల డబ్బా తట్టుకుంటూ వాకిట్లోకి వచ్చి పిలిచే పిలుపు. కింద మొదలై, వేగం అందుకుని, చివర ఒక్కసారి పైకి లేస్తుంది. "బో... బొబొబొబొబొ... బ్బా!" అలా పిలిచాను. చేయి కూడా దానంతట అదే నూకలు చల్లింది.

వెనక ఒక పిల్ల కిసుక్కుమంది.

గిరిప్రసాద్ గారు ఫోను బోర్లా పెట్టారు. "అట్ల కాదబ్బా. మా ఇంట్లో అట్ల పిలవరు" అని, అంత పెద్దమనిషి, మెడ ముందుకు చాచి "క్కొ క్కొ క్కొ క్కొ" అన్నారు. ఇంకో ప్రొఫెసర్ గారు అది కూడా కాదని ముక్కుతో మరొకటి అన్నారు. స్రవంతి లేచి, "మా నగరి పక్క వేరే మాదిరి సార్" అని నాలుకతో ఏదో చేసింది. వెనక నుంచి ఒకరు, పక్క నుంచి ఒకరు. పక్క గదిలోని క్లర్కు తలుపు తీసి చూసి మళ్లీ వేసేసుకున్నాడు.

"మా తడ పక్క చూడండి..." అని ప్రతాప్ సార్ నోరు తెరిచారు. తెరిచి ఆగిపోయారు. "మా అమ్మ..." అన్నారు. ఏమీ రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

నా గైడ్ బల్ల మీద పెన్నుతో కొట్టింది.

"సార్, పిలిచేది ఒక్కొక్కరు ఒక్కో మాదిరి చెప్తాండారు. బాగుండాది. పరాయి కోడి వచ్చి మీ వడ్లు తింటాంటే ఏమంటారు?"

"ఇష్!"

అన్నది నేనొక్కణ్నే కాదు. గిరిప్రసాద్ గారు, స్రవంతి, వెనక వరస, ప్రతాప్ సార్ కూడా. హాలంతా ఒకే 'ఇష్', ఒకే చేయి విసురు.

"చూసినారా? తోలేటప్పుడు అందరిదీ ఒకటే మాట. పిలిచేటప్పుడు ఇంటికో మాట. మీ పట్టికలో కూడా అట్లే ఉండాది. ఎందుకు సార్?"

పట్టిక నేను తయారు చేసిందే. మూడేళ్లుగా నా దగ్గరే ఉంది. ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

"తెలీదు మేడమ్" అన్నాను.

నేను కూర్చోవచ్చు, కానీ కూర్చోబుద్ధి కాలేదు. ఇందాకటి గోలంతా చెవుల్లో ఉంది. అట్ల కాదు, మా ఇంట్లో అట్ల కాదు. మా ఇంట్లో. మా ఇంట్లో.

"ఒక్క నిమిషం మేడమ్" అన్నాను. "నేను పిలిచేది నా కోళ్లను. నా పిలుపూ పక్కింటి పిలుపూ ఒకటే అయితే నా నూకలకు వాళ్ల కోళ్లు వస్తాయి. కాబట్టి ఇంటికో పిలుపు కావాలి. తోలేది పరాయి కోడిని. దానికి నా ఇంటి మాట తెలియదు. కాబట్టి ఊరందరికీ తెలిసిన మాటే అనాలి. పిలుపు ఇంటి భాష. అదిలింపు ఊరి భాష."

చెబుతుంటే, శాంతయ్య గారి దగ్గర ఇన్నాళ్లు పోగు చేసిందంతా ఒక్కసారి లేచి నిలబడినట్టనిపించింది.

ప్రతాప్ సార్ అడిగారు. ఈసారి ఎగతాళి లేదు. "ఇది మీరు అనుకునేదా, రుజువేమన్నా ఉండాదా?"

"ఇప్పుడే తోచింది సార్. రుజువు లేదు. వెతకాలి."

"వెతకండి" అన్నారు గిరిప్రసాద్ గారు. "ఒక ఊర్లో ఇంటింటికీ పొయ్యి అడగండి. కోడలు వచ్చినాక పిలుపు మారతాదా, లేదా? అది తేల్చండి."

'సంతృప్తికరం' అని రాశారు. సంతకాలన్నీ పడ్డాయి. ప్రతాప్ సార్ సంతకం కూడా.

మెట్లు దిగుతూ ఆమెతో ఏదో చెప్పాలనుకున్నాను. ఆమే ముందు మాట్లాడింది.

"మూడో అధ్యాయం మొత్తం మళ్లా రాయాల సార్."

"రాస్తాను మేడమ్."

"పొంగల్ సెలవుల్లోపల."

"సరే మేడమ్."

బస్సులో అంతసేపూ నిలబడే వచ్చాను. కాళ్లు నొప్పి పుట్టలేదు. స్టెల్లాకు జరిగిందంతా చెప్పి, ఆమె అడిగితే వంటింట్లో మళ్లీ ఒకసారి పిలిచాను కూడా.

డిసెంబరు 19

ఎనిమిదో తరగతికి సంధులు చెబుతూ మధ్యలో ఊరికే నవ్వొచ్చింది. పిల్లలు కూడా నవ్వారు. ఎందుకో వాళ్లకు తెలియదు.

డిసెంబరు 22, ఆదివారం

పొద్దున చర్చికి బయలుదేరబోతుంటే ఫోను. ప్రతాప్ సార్. ఆయన నాకు ఫోను చేయడం ఇదే మొదలు. సంతకంలో ఏదో తేడా వచ్చిందేమోనని భయపడ్డాను.

"రాజారత్నం గారూ, తీరుబడిగా ఉండారా?"

"చెప్పండి సార్."

"ఆ పొద్దు హాల్లో మా అమ్మ పిలుపు నోటికి రాలేదప్పా. ఇంటికి పొయ్యి ప్రయత్నం చేసినా. నిద్రలో గూడా అదే. మాట పోయింది, రాగం పోయింది, ఏమీ రాలే. అమ్మ పొయ్యి చానా కాలమైంది. అడగడానికి మనిషి లేదు గదా." కొంచెం ఆగారు. "రాత్రి తడకు వచ్చేసినా. మా అక్క భారతమ్మ ఉండేది ఈడే. ఆమెకు వస్తాదంట. రికార్డు పెట్టుకోండి."

పెట్టాను. స్టెల్లాను కూడా చేయి ఊపి పిలిచాను.

అవతల ఒక పెద్దావిడ గొంతు. "ఏందిరా ఇది, ఫోన్లో కోళ్లను పిలిచేది? ఎవురన్నా వింటే నవ్విపోతారు."

"నవ్వరు అక్కా. ఆయన పంతులు. దీని మీదే చదువుతాండాడు. ముందు ఆ సంగతి చెప్పు, రాత్రి చెప్పింది."

"ఏముండాది సామీ" అని ఆమె నాతో నేరుగా చెప్పింది. "మా అత్త పిలిచేది వేరే. ఆయమ్మ బతికినన్ని దినాలు నేనూ ఆయమ్మ మాదిరే పిలిచినా. అత్త పోయినాక ఒకనాడు నాకు తెలీకనే మా అమ్మ పిలుపు వచ్చేసింది. ఒక్క కోడీ తల తిప్పలే. ఎవుర్నో పిలుస్తాండానని అనుకున్నట్టుండాయి. నేనూ విడవలే. దినామూ అట్లే పిలిచినా. కొత్తగా పొదిగిన పిల్లలు ముందు వచ్చినాయి. ఆనక అన్నీ ఆ పిలుపుకు మరిగినాయి."

గిరిప్రసాద్ గారు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. నేను పెన్ను కోసం చూస్తుంటే స్టెల్లా నా చేయి పట్టుకుని ఆపింది.

అవతల గింజలు తట్టలో గలగలలాడాయి. భారతమ్మ గారు పిలిచింది. దాన్ని ఇక్కడ అక్షరాల్లో పెట్టబోయి కొట్టేశాను. మా అమ్మ పిలుపులా లేదు, హాలులో ఎవరు పిలిచినట్టూ లేదు. మొదట మెల్లగా ఉంది. మధ్యలో ఎవరినో ఊరడించినట్టు సాగి, తర్వాత పరుగెత్తింది. రెక్కల చప్పుడు వినబడింది. ఒకటి, తర్వాత చాలా.

"ఇదేనబ్బా" అన్నారు ప్రతాప్ సార్. "ఇదే."

అంతే. ఆయన ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. స్టెల్లా గడప మీద కూర్చుంది. చర్చి గంట కొట్టారు. మేం కదల్లేదు. అవతల కోళ్లు గింజలు ఏరుకుంటున్న చప్పుడు చాలాసేపు వింటూనే ఉన్నాం.